పిల్లికి విమాన టిక్కెట్టు: ఒక ఖర్చుల లెక్క

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడవలసిన వేదిక మీద పిల్లి గురించి మాట్లాడటమేమిటని వెనుక వరుసలో కొందరు మిత్రులు నవ్వుకుంటున్నారు. నవ్వవచ్చు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్లు అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే గత ఏడాది కాలంలో మన సభ్యులు నలుగురు మా ఇంటికి వచ్చి ఇదే విషయం అడిగి వెళ్లారు. మన పిల్లలు ఉద్యోగాల మీద విదేశాలకు వెళుతూ, పెంచుకున్న పిల్లిని మన దగ్గర వదిలి వెళతారు. కొన్నాళ్లకు ఫోను చేసి, "నాన్నా, దాన్ని పంపించే ఏర్పాటు చూడండి" అంటారు. లేదా మనలోనే ఒంటరిగా ఉన్నవారిని పిల్లలు తమ దగ్గరకు వచ్చేయమంటారు. అన్నీ మాట్లాడతారు గాని, ఇంట్లో తోడుగా ఉన్న పిల్లి ఊసు ఎవరూ ఎత్తరు. ఏ సందర్భమైనా మాటలు పెరగక ముందు ఒక లెక్క కావాలి. ఖజానా శాఖలో ముప్పై మూడేళ్లు ఇతరుల బిల్లులు చూసిన వాణ్ణి గనుక కార్యదర్శి గారు ఈ పని నాకు అప్పగించారు. సర్వీసులో ఎన్నో వేల టి.ఎ. బిల్లులు చూశాను. పిల్లి పేరున మాత్రం ఒక్కటీ రాలేదు.

నాకు తెలిసింది ఇంగ్లండు సంగతి. మా అమ్మాయి కుటుంబం 2023 సెప్టెంబరులో అక్కడికి వెళ్లింది. మనవరాలికి అప్పుడు పదేళ్లు. దాని పిల్లి పేరు జున్ను. పర్షియనూ కాదు, సయామీ కాదు, వాళ్ల అపార్టుమెంటు సెల్లారులో దొరికిన నాటు పిల్లి. బరువు నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. వాళ్లతో పాటే తీసుకువెళదామంటే కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెబితే సగం విషయం చెప్పినట్లే.

బ్రిటిషు ప్రభుత్వం పిచ్చికుక్క వ్యాధి విషయంలో దేశాలను విభజించి పెట్టుకుంది. మన దేశం వాళ్ల జాబితాలో లేని దేశాల కిందికి వస్తుంది. అటువంటి దేశం నుంచి వచ్చే పిల్లికి ముందుగా చర్మం కింద మైక్రోచిప్ వేయించాలి. బియ్యపు గింజంత ఉంటుంది. అందులో పదిహేను అంకెల నంబరు ఉంటుంది, మన పి.పి.ఓ. నంబరు లాంటిదే అనుకోండి. చిప్ వేసిన తరువాతగాని, అదే రోజునగాని రేబీస్ టీకా వేయించాలి. చిప్ కంటే ముందు వేయించిన టీకా లెక్కలోకి రాదు. జున్నుకు ఏటా టీకాలు వేయించారు గాని చిప్ లేదు. కనుక పాత టీకాలన్నీ సర్వీసు రిజిస్టరులో ఎక్కని సర్వీసు వంటివే అయ్యాయి. మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టవలసి వచ్చింది.

టీకా వేసిన 30 రోజులు దాటిన తరువాత రక్తం తీసి, గుర్తింపు పొందిన లాబొరేటరీకి పంపాలి. ఒక మిల్లీలీటరు రక్తరసిలో రేబీస్‌ను ఎదిరించే శక్తి కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. ఉన్నదని తేలినా వెంటనే బయలుదేరడానికి లేదు. రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. చిప్, టీకా 2023 అక్టోబరు 9న, రక్తం నవంబరు 13న. అంటే ఫిబ్రవరి 13 వరకు గేటు మూసి ఉన్నట్లే. మార్చి మొదటి వారంలో పంపించాం. ఎంత డబ్బు పోసినా ఈ గడువు ఒక్క రోజు తగ్గదు. అందుచేత వీసా వచ్చాక చూద్దాంలే అనుకునే వారికి మొదట చెప్పేది ఇదే: చిప్, టీకా ఈ వారమే వేయించండి. రెండూ కలిపి కొద్ది వేలతో పోతుంది. తరువాత ప్రయాణమే మానుకున్నా నష్టం లేదు, టీకా ఎలాగూ పిల్లికి మంచిదే.

ఇక అసలు బాధ. ఇంగ్లండుకు వెళ్లే విమానంలో పిల్లిని మన సీటు కింద పెట్టుకు వెళ్లడానికి గాని, మన సామానుతో పాటు వేయడానికి గాని వీలు లేదు. సహాయక శునకాలకు మాత్రమే మినహాయింపు. పిల్లి సరుకుగానే, అంటే కార్గోగా, సరుకు పత్రాల మీదే దిగాలి. కార్గో అనగానే ఏజెంటు కావాలి. ఏజెంటు అనగానే బిల్లు మారిపోతుంది.

మొదట వెళ్లిన ఏజెంటు (ఊరు, పేరు ఇక్కడ అనవసరం) ఒక కాగితం మీద మూడు లక్షల ఎనభై వేలని ఒకే ఒక్క అంకె వేసి ఇచ్చాడు. వివరం ఏదని అడిగితే, "సార్, అంతా ప్యాకేజీ" అన్నాడు. సబ్ వోచర్లు లేని కంటింజెంట్ బిల్లు నా టేబుల్ మీద ఎన్నడూ పాసు కాలేదు. ఈ వయసులో కొత్త అలవాటు ఎందుకని లేచి వచ్చాను. రెండో చోట పద్దుల వారీగా రాసి ఇచ్చారు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, మొదటాయనకు ఫోను చేసి అడిగాక అసలు కిటుకు బయటపడింది. అది పిల్లిలో లేదు, డబ్బాలో ఉంది.

విమానంలో జంతువుల డబ్బాలకు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే అయాటా వారి నిబంధనలు ఉన్నాయి. పిల్లి లోపల నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, హాయిగా పడుకోగలగాలి. దానికొక సూత్రం ఉంది. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు ఎంత పొడవో, దానికి నేల నుంచి మోచేతి వరకు ఉన్న ఎత్తులో సగం కలిపితే డబ్బా లోపలి పొడవు. భుజాల దగ్గర వెడల్పుకు రెట్టింపు డబ్బా వెడల్పు. నిలబడినప్పుడు చెవుల కొసల వరకు ఎంత ఎత్తో, డబ్బా ఎత్తు కనీసం అంత. మా ఆవిడ జున్నును పట్టుకుంటే నేను టేపు పెట్టి కొలిచాను. మూడు రోజులు పట్టింది. ముక్కు నుంచి తోక వరకు 46 సెంటీమీటర్లు, మోచేతి ఎత్తు 14, భుజాల వెడల్పు 13, చెవుల వరకు 33. అంటే లోపల 53 పొడవు, 26 వెడల్పు, 33 ఎత్తు ఉంటే నిబంధన తీరినట్లే.

కార్గోలో కిరాయి రెండు రకాల బరువుల్లో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. ఒకటి తక్కెడ బరువు. రెండోది ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు. డబ్బా బయటి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది. 60, 40, 42 కొలతల డబ్బాకు 16.8 కిలోలు వస్తుంది. పిల్లీ డబ్బా కలిపి తూచితే ఎనిమిది కిలోల పైచిలుకు, అయినా కిరాయి 17 కిలోలకు. మొదటి ఏజెంటు తన బిల్లులో కలిపిన డబ్బా కొలతలు 80, 56, 59. గుణించి చూడండి, 44 కిలోలు. ఒక మోస్తరు కుక్క పట్టే డబ్బా అది. నాలుగు కిలోల పిల్లికి 44 కిలోల కిరాయి! "పెద్దదైతే పిల్లికి సుఖం సార్" అని సమాధానం. కొంచెం చోటు ఎక్కువ ఉంటే మంచిదే గాని, మరీ ఎక్కువైతే డబ్బా కదిలినప్పుడల్లా పిల్లి అటూ ఇటూ కొట్టుకుపోతుందని మా పశువైద్యుడు చెప్పాడు. ఇంట్లో టేపు ఉన్న ప్రతివారూ డబ్బా సంగతి ఏజెంటుకు వదిలేయకుండా తామే కొలుచుకోవాలని నా మనవి.

2024 మార్చిలో మాకు అయిన ఖర్చు, రసీదుల ప్రకారం, చదువుతాను. చిప్, టీకా, వైద్యుని ఫీజు 3,200. రక్తపరీక్ష, నమూనా పంపిన ఖర్చుతో 21,000. డబ్బా 9,500. ఆరోగ్య పత్రాలు, ప్రభుత్వ తనిఖీ, మా రానుపోను ఆటో ఖర్చులతో సహా 4,800. విమాన కిరాయి, విమాన సంస్థ ఇతర రుసుములు 62,000. ఏజెంటు సేవా రుసుము, ఇక్కడి విమానాశ్రయంలో ఖర్చులు 55,000. లండన్‌లో దిగిన తరువాత జంతు స్వీకరణ కేంద్రం, కస్టమ్స్ పని కలిపి 540 పౌండ్లు, అప్పటి మారకం ప్రకారం 56,700 రూపాయలు. మొత్తం రెండు లక్షల పన్నెండు వేల రెండు వందలు. ఇందులో అసలు విమాన కిరాయి నూటికి ముప్పై రూపాయల లోపే. మిగతా డెబ్భై కాగితాలకు, చేతులు మారడానికి. అసలు కంటే కొసరు ఎక్కువ అనే మాటకు ఇంతకంటే ఉదాహరణ దొరకదు. అదే విమానంలో నేను రానుపోను ప్రయాణించిన టిక్కెట్టు 72,000. జున్నుది పోవడానికి మాత్రమే. ఆరు నెలలు మా ఇంట్లో తిన్న తిండి ఇందులో కలపలేదు. కలపబోతే మా ఆవిడ కాగితం లాక్కుంది.

ఇంకొక పెద్ద పద్దు తప్పింది గనుక ఆ సంగతి కూడా చెప్పాలి. సరుకుగా దిగుతుంది కాబట్టి అక్కడి కస్టమ్స్ వారు పన్ను అడుగుతారు. విలువ, కిరాయి కలిపిన మొత్తం మీద నూటికి 20 వ్యాట్ పడవచ్చు. నివాసం మార్చుకుని వెళ్లిన వారికి దీని నుంచి మినహాయింపు ఉంది. దానికి టి.ఓ.ఆర్.1 అనే దరఖాస్తు. పిల్లి ఆరు నెలలుగానైనా తమదై ఉండాలి, అది తాము వెళ్లిన పన్నెండు నెలల్లోపు రావాలి. ఇది పిల్లలు అక్కడి నుంచి ముందుగా పెట్టి అనుమతి నంబరు తెప్పించుకోవలసిన దరఖాస్తు. మా అమ్మాయి డిసెంబరులోనే పెట్టింది.

అలాగే యజమాని ప్రయాణానికి, పిల్లి ప్రయాణానికి మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండరాదు. ఉంటే వ్యాపారపు సరుకు నిబంధనలు వర్తిస్తాయి. యజమాని రాలేకపోతే, వారు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిన వేరొకరు ప్రయాణం చేయవచ్చు. ఇది మనబోటి వారికి పనికివచ్చే నిబంధన. మేమిద్దరం ఎలాగూ అమ్మాయిని చూడటానికి వెళ్లవలసి ఉంది. ఆమె సంతకంతో అధికార పత్రం తెప్పించుకుని, మా ప్రయాణం మార్చికి పెట్టుకున్నాం. మేము పైన, జున్ను కింద. కింద అంటే గాలి, వేడిమి సరిగా ఉంచే గదే, సామాన్ల మధ్య కుక్కరు. అదే పని కోసం అమ్మాయి రానుపోను వచ్చి వెళ్లి ఉంటే ఇంకొక టిక్కెట్టు అయ్యేది.

బయలుదేరే ముందు కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రం వారు పిల్లిని చూసి పత్రం ఇస్తారు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరుతో పాటు మన హైదరాబాద్‌లోనూ ఆ కేంద్రం ఉంది. బ్రిటన్ ఆరోగ్య పత్రం ఇచ్చిన పది రోజుల్లోపు పిల్లి అక్కడ దిగాలి. ఏజెంటు ఆఫీసులో టైపు చేసిన చిత్తు ప్రతిలో చిప్ నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. కార్బన్ కాపీల కాలం నుంచి నంబర్లు వేలు పెట్టి చదివే అలవాటు ఉండబట్టి దొరికింది. అలాగే వెళ్లి ఉంటే? పత్రాలు సరిగా లేని పిల్లిని నాలుగు నెలల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు, ఖర్చు యజమానిది. పది రూపాయల టైపు తప్పుకు లక్షల రికవరీ అన్నమాట.

హీత్రూలో జంతు స్వీకరణ కేంద్రాన్ని సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ వారు నడుపుతారు. అక్కడ ఐదు గంటలు కూర్చున్నాం. పిల్లి డబ్బాలోంచి చూసి గుర్తుపట్టనట్లే ముఖం తిప్పుకుంది. ఇంటికి వెళ్లాక రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. మూడో రోజు మనవరాలి పుస్తకాల మీదకెక్కి పడుకుంది.

రెండు లక్షలు పెట్టి వీధి పిల్లిని పంపాలా అని మా అల్లుడు గారే మొదట అడిగారు. ఆయన మాటలో తప్పు లేదు. నేను చేసింది ఒకటే. పద్దుల కాగితం వాళ్లిద్దరికీ పంపి, ఇది మీ ఖర్చు, మీరే నిర్ణయించుకోండి అని రాశాను. రక్తపరీక్ష డబ్బులు మాత్రం మనవరాలి పేరున నేను పెట్టాను, అదీ చేతిలో ఉన్నవి గనుక. మిగతాది వాళ్లు భరించారు. ఇక్కడ నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. పిల్లల పిల్లి కోసం మనం ఫిక్సెడ్ డిపాజిట్ విరగ్గొట్టడానికి వీల్లేదు. అడగడానికి మొహమాటపడి ఖర్చు నెత్తిన వేసుకున్న వారిని నేను ఎరుగుదును. అలాగని, పిల్లేగా, వదిలేయండి అని ఫోనులో తేల్చి చెప్పే హక్కు కూడా మనకు లేదు. పదేళ్ల పిల్ల రోజూ ఫోనులో ముందు జున్ను తిన్నదా అని అడిగి, ఆ తరువాతే తాతా బాగున్నావా అనేది.

ఇతర దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా పిల్లుల విషయంలో చాలా నయం. కేంద్ర స్థాయిలో పిల్లికి రేబీస్ పత్రం కూడా తప్పనిసరి కాదు, ఆరోగ్యంగా కనిపించాలి. కొన్ని రాష్ట్రాలు, విమాన సంస్థలు అడుగుతాయి కనుక టీకా పత్రం ఉంచుకోవాలి. హవాయి నిబంధనలు వేరు. కుక్కలకు మాత్రం 2024 ఆగస్టు 1 నుంచి కట్టుదిట్టం చేశారు. లుఫ్తాన్సా వంటి సంస్థలు సంచితో కలిపి ఎనిమిది కిలోల వరకు పిల్లిని ప్రయాణికుల గదిలోనే రానిస్తాయి. అప్పుడు కార్గో, ఏజెంటు రెండూ తప్పుతాయి, ఖర్చు ఎంతో తగ్గుతుంది. ఎమిరేట్స్ వారు పిల్లిని పైకి రానివ్వరు గాని, దుబాయికి, పాకిస్తాన్‌లోని కొన్ని ఊళ్లకు మధ్య డేగలను రానిస్తారు. ఎవరి మర్యాదలు వారివి. ఆస్ట్రేలియాకు మన దేశం నుంచి పిల్లిని నేరుగా తీసుకుపోవడానికే లేదు. ముందు వాళ్లు ఆమోదించిన మరో దేశానికి చేర్చి, అక్కడి నుంచి ఏర్పాట్లు చేసుకోవాలి, చివర మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్ కేంద్రంలో క్వారంటైన్. అక్కడికి వెళ్లేవారు ఇక్కడే మంచి ఇల్లు చూసి పిల్లిని అప్పగించడం మేలని నా సలహా. ఇంగ్లండుకే కొందరు పిల్లిని విమానంలో పైనే పెట్టుకుని పారిస్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో వెళ్లి, అక్కడి నుంచి కారులో సముద్రం కింది సొరంగం గుండా వెళతారు. పరీక్షలు, గడువులు తప్పవు గాని కార్గో ఖర్చు తప్పుతుంది. కారు వేసుకుని ఎదురొచ్చే అల్లుడు ఉన్నవారు ఆలోచించవచ్చు.

డబ్బున్నా పంపకూడని పిల్లులు ఉన్నాయి. ముక్కు చప్పిడిగా ఉండే పర్షియన్ వంటి వాటికి ఊపిరి ఇబ్బంది, చాలా సంస్థలు తీసుకోవు. ఏప్రిల్, మే ఎండల్లో విమానం పక్కన డబ్బా నిలబెట్టడమే ప్రమాదం. నిద్రమందు ఇచ్చి పంపుదామనే ఆలోచన వద్దు, విమానంలో అది ఊపిరికి, గుండెకు చేటు. దానికి బదులు నెల రోజుల ముందు నుంచి డబ్బా తలుపు తీసి హాల్లో ఉంచి, అందులోనే అన్నం పెట్టండి. జున్ను చివరికి అందులోనే నిద్రపోయేది.

మన సంఘ సభ్యుడు, దివంగతులైన ఒక మిత్రుని భార్య సంగతి, పేరు చెప్పకుండా, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. వయసు 78. కొడుకు అమెరికాలో. ఇల్లు అమ్మేసి రమ్మంటాడు. ఆమె పిల్లిని వదిలి రానంటుంది. మొండితనం అనుకున్నారు అందరూ. లెక్క వేసి చూపిస్తే కొడుకు వెంటనే ఒప్పుకున్నాడు, అమెరికా గనుక పెద్ద ఖర్చు కాదు. కాని పిల్లికి పద్నాలుగేళ్లు, మూత్రపిండాల జబ్బు. అంత దూరం తట్టుకోలేదని వైద్యుడు చెప్పాడు. "అయితే ఇది ఉన్నంత కాలం నేనూ ఇక్కడే" అన్నదామె. కొడుకు కొంత నొచ్చుకున్నాడు. ఇప్పుడు నెల నెలా పనిమనిషి జీతం పంపుతున్నాడు. లెక్క అక్కడితో ఆగిపోయింది. ఆమె ఇవాళ సభకు కూడా వచ్చారు.

స్వదేశంలో ప్రయాణం గురించి ఒక సభ్యుడు చీటీ పంపారు. ఎయిర్ ఇండియా తీసుకుంటుంది, ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుంచి తీసుకుంటోంది. బరువు పరిమితి, రుసుము మారుతూ ఉంటాయి గనుక టిక్కెట్టు కొనక ముందే ఫోను చేసి, విమానానికి ఎన్ని జంతువులను అనుమతిస్తారో కూడా అడిగి, పిల్లికి చోటు రూఢి చేసుకోవాలి. టీకా పుస్తకం, వైద్యుని పత్రం వెంట ఉండాలి. రైలులో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరున దొరకాలి, పార్సిల్ ఆఫీసులో పిల్లిని బుక్ చేయించి రసీదు తీసుకోవాలి. విశాఖపట్నం వంటి ఒక రాత్రి ప్రయాణానికి రైలే నయమని నా ఉద్దేశం.

డబ్బా కొలిచే పద్ధతి, మా బిల్లు పద్దులు, అధికార పత్రం నమూనా ఒక ఫైలులో పెట్టి కార్యదర్శి గారికి అందజేశాను. కావలసిన వారు జిరాక్సు తీసుకుని, అసలు కాగితాలు వరుస తప్పకుండా తిరిగి ఫైలులో ఉంచగలరు. రుసుములు 2024 నాటివి, వెళ్లేటప్పుడు కొత్తవి అడిగి తెలుసుకోగలరు.